సెగ

షెపర్టన్‌లో జూన్ చలి
తోలు లోపలికి కూడా దూరుతుంది.
మంగళవారం రాత్రి, చర్చి వెనక హాల్లో
డప్పు తీసి ఒక్క దెబ్బ వేశాను.
తడిసిన గోనెసంచిని తట్టినట్టు
మొద్దుగా ఏదో అని ఊరుకుంది.

దీనికి సెగ కావాలన్నాను.
ఆ మాటకి నా ఇంగ్లీషులో మాట లేదు.
చేతులు చాచి చలి కాచుకున్నట్టు చూపించాను.
జవాద్‌కి వెంటనే అర్థమైంది.
వాళ్ళ మేనత్తలు పెళ్ళిళ్ళలో
దాయిరాని పొయ్యి పక్కనే ఉంచేవాళ్ళట.
దంబురా గోడకి ఆనించి
బేరిపండ్ల పెట్టె విరిచాడు.
సింకులో మంట పెట్టాం.

అర నిమిషం.
పైకప్పులో పొగ అలారం లేచింది.

బీప్. బీప్. బీప్.
అందరం చెవులు మూసుకున్నాం, బెర్నడెట్ తప్ప.
బుకావులో పదేళ్ళు చర్చి పాటలు నడిపిన మనిషి.
తల ఓరగా పెట్టి విని
రెండు బీపుల మధ్య ఖాళీలో చప్పట్లు కొట్టింది.
ఊరి బ్యాండులో ఆఖరిగా మిగిలిన కార్నెట్, డెస్,
ఎనభయ్యేళ్ళ ఊపిరితో ఆ శ్రుతిని అందుకున్నాడు.
నేను రెండో దెబ్బ ఎత్తుకున్నాను.
ఫైరింజను వచ్చేసరికి
మేం ఆపే స్థితిలో లేం.
హెల్మెట్ చంకలో పెట్టుకుని కుర్రాడొకడు
ఎవరిదీ పాట అన్నాడు.
"మీ అలారందే" అన్నాడు డెస్.

జరిమానా తలా పన్నెండు డాలర్లు పడింది.

ఎందుకు వాయిస్తున్నామో చెప్పలేదు కదా.
ఆరింటి తర్వాత ఇక్కడ బస్సు లేదు.
పండ్ల ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు పదకొండింటికి వదుల్తారు.
కాలవ గట్టు మీద నాలుగు కిలోమీటర్లు
ఫోను వెలుగులో నడుస్తారు ఆడవాళ్ళు.
మూడు అర్జీలు పెట్టాం. మూడింటికీ ఒకే జవాబు,
కింద సంతకాలు మాత్రం వేరు.
శుక్రవారం కౌన్సిల్ మీటింగు, కిటికీలు పల్చనివి,
అంది బెర్నడెట్.

లొరెయిన్ ఆంటీ ఈ నేల మనిషి, యోర్టా యోర్టా.
కర్రలు రెండూ ఒళ్ళో పెట్టుకుని
ఒక పాట పాడింది.
నా పుల్లలు వాటంతటవే లేచాయి.
"ఇది మా అమ్మది. వినండి, వాయించొద్దు" అంది.
పుల్లలు దించేశాను.
ఆ రాత్రి మేం అందరం కలిసి
తప్పు లేకుండా చేసింది అదొక్కటే,
ఊరుకోవడం.

ఉగాదికి మనవాళ్ళ హాల్లో డప్పు వాయిస్తానంటే
"బాగానే ఉంటుందమ్మా, కానీ పండగ పూట..."
అని మార్కండేయశర్మ గారు
వాక్యాన్ని అక్కడే వదిలేశారు.
మిగతా సగం నాకు పుట్టినప్పట్నుంచీ తెలుసు.
ఆయన మృదంగం గొప్పగా వాయిస్తారు.
అదీ తెలుసు. అదే కోపం.

నిన్న మంగళవారం ఆయన వచ్చారు.
చేతిలో మృదంగం, గుడ్డ సంచిలో.
వెనక అనసూయ గారు, చేతికి పిండికట్టు.
రెండో షిఫ్టు. కాలవ గట్టు.
ఎవరూ ఏమీ అడగలేదు.
జవాద్ కుర్చీ జరిపాడు.

ఇప్పుడు మాకో హీటరుంది, డెస్ ఇంట్లోది, ఒక కాలు లేదు.
దాని ముందు డప్పు పట్టుకుని నేను,
అటు టీ పొంగిపోతోంది.
"కాస్త పట్టుకుంటారా" అన్నాను.
మాట మామూలుదే. గొంతు మామూలుగా లేదు.

ఆయన డప్పు వైపు చూశారు.
భార్య కట్టు వైపు చూశారో లేదో నేను చూడలేదు.
ముందు రెండు వేళ్ళతో అంచు,
తర్వాత మొత్తం చెయ్యి.

"ఎంతసేపు?"
"గోటితో మీటండి. అదే చెబుతుంది."

టీ పోసి వచ్చాను.
ఆయన డప్పుని తిప్పి తిప్పి కాస్తున్నారు,
మీటి, వంగి, చెవి ఆనించి,
మృదంగానికి ఎలా వంగుతారో అలాగే.
బస్సు వస్తుందో రాదో నాకు తెలీదు.
చాలా కాగిందేమో అన్నాను.
"ఇంకొంచెం" అన్నారు,
చెవి తియ్యకుండా.